పేరు అడిగి, పేరు తీసేస్తారా?

ఆదివారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి చూడండి. సాగర్ రోడ్డు మీద దేవరకొండ, మాల్, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి వచ్చే బస్సులు మన పిల్లల్ని దించుతుంటాయి. చేతిలో బియ్యం సంచి, భుజానికి పుస్తకాల బ్యాగు. అక్కడి నుంచి మెట్రో ఎక్కో, షేర్ ఆటో పట్టో చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, గడ్డిఅన్నారం హాస్టళ్లకు చేరతారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, నర్సింగ్, ఎవరి పరీక్ష వాళ్లది. లంబాడీ, కోయ, ఎరుకల, చెంచు, అందరం ఒకే గదిలో ఒకే ఫ్యాను కింద చదువుకున్నవాళ్లమే. ఈ వ్యాసం రాస్తున్న మేం ఆ గదుల్లోంచి వచ్చాం. ఇప్పుడు మాలో కొందరం టీచర్లం, కొందరం ఇంకా నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లం. మాలో సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టేవాళ్లున్నారు, జ్ఞానస్నానం పొందినవాళ్లున్నారు, దేనికీ దండం పెట్టనివాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇది ఒక మతం తరఫు మాట కాదు. మన తరఫు మాట.

ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్తాం. మాతో పాటు బీఈడీ చదివిన ఒక తండా అమ్మాయి రెండేళ్ల పాటు రూమ్మేటుతో కలిసి ఆదివారం పూజకు వెళ్లింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆమెకు ఆ ప్రార్థన నచ్చింది. తనే వెళ్లి కథోలిక సంఘంలో చేరతానని అడిగింది. ఆ చర్చి పేరు ఇక్కడ రాయం. పూజ అయ్యాక అరగంట చొప్పున ఆరు ఆదివారాలు క్లాసు. చేతికి జిరాక్స్ నోట్సు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ఆరో వారం ఒక జాబితా ముందు పెట్టి, ఇందులో ఏ పేరు తీసుకుంటావని అడిగారు. "నాకు పేరుంది కదా, మా నానమ్మ పేరు" అన్నది. ఆ పేరు ఇక్కడ బాగుండదన్నారు. ఇక తీజ్‌కు పోవద్దన్నారు. ఎందుకు పోవద్దో చెప్పలేదు.

ఆ రాత్రి ఆమె తండాకు ఫోన్ చేసింది. యాడి కోప్పడలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది: "పేరు మారినంక నిన్ను మేం ఏమని పిలవాలె బిడ్డా?"

ఆ అమ్మాయి జ్ఞానస్నానం ఆగిపోయింది. ఆదివారం పూజకు పోవడం మాత్రం ఆపలేదు. యాడి అడిగిన ప్రశ్నను మా ముందు పెట్టింది. దాన్ని ఇక్కడ ఇద్దరి ముందు పెడుతున్నాం.

మొదట, బయట నిలబడి అరిచేవాళ్లకు. గిరిజనుడు చర్చి మెట్టెక్కితే చాలు, బియ్యానికి అమ్ముడుపోయాడు, దుప్పటికి లొంగిపోయాడు అంటారు మీరు. గ్రూప్స్‌కు రాజ్యాంగం బట్టీ పట్టే పిల్లకు తన మనసు తనకు తెలియదా? భూమి పోయినప్పుడు, పట్టా రానప్పుడు, హాస్టల్లో పురుగుల అన్నం పెట్టినప్పుడు కనపడని మీ ప్రేమ మేం మొక్కే దిక్కు మారితేనే ఎందుకు పొంగుతుంది? 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదు. మంచిదే. మమ్మల్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. కానీ 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛ మాకూ ఉంది. మేం మారాలనుకుంటే మారతాం, ఉండాలనుకుంటే ఉంటాం. ఆ నిర్ణయం మాది.

అంతేకాదు, మా మూలాల మీద అంత శ్రద్ధ ఉంటే, జనాభా లెక్కల్లో మా మతానికి ఒక గడి ఇవ్వమని ఎందుకు అడగరు? జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో సర్నా కోడ్ కోసం తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. దాని కోసం మీరు ఒక్క ధర్నా చేశారా? మా దేవుళ్లను మీ జాబితాలో కలుపుకోవడమూ ఒక రకం మతమార్పిడే. దానికి జ్ఞానస్నానం కూడా అక్కర్లేదు, లెక్కలు రాసేవాడి పెన్ను చాలు.

ఇక రెండోది, లోపల ఉన్నవాళ్లకు. అసలు పేచీ మీతోనే. ఎందుకంటే మీరు చేయాల్సింది మీ పుస్తకంలోనే రాసి ఉంది. మీరు దాన్ని మా దగ్గరికొచ్చేసరికి మూసేశారు.

మన పిల్లలకూ టీచర్లకూ తెలియాలి గనుక ఆ పుస్తకంలో ఏముందో చెప్తాం. తొలి శతాబ్దాల్లో క్రైస్తవంలో చేరాలనుకున్న పెద్దలకు సుదీర్ఘమైన శిక్షణ ఉండేది, కొన్నిచోట్ల మూడేళ్లు. తర్వాత పసిపిల్లలకే జ్ఞానస్నానం ఇవ్వడం మామూలయ్యాక ఆ పద్ధతి మరుగున పడింది. రెండో వాటికన్ మహాసభ 1963లో దాన్ని తిరిగి తెమ్మని ఆదేశించింది. 1972లో రోము పెద్దల కోసం ప్రత్యేక క్రమాన్ని వెలువరించింది. అది నాలుగు దశల ప్రయాణం. మొదటిది విచారించే కాలం. వచ్చిన మనిషి ప్రశ్నలడుగుతాడు, చూస్తాడు, వద్దనుకుంటే వెళ్లిపోతాడు. తర్వాత స్వీకార కార్యం జరుగుతుంది. ఆ రోజు నుంచి అతను జ్ఞానస్నానార్థి. అప్పుడు మొదలయ్యే రెండో దశ అన్నిటికంటే పొడుగు. దానికి అవసరమైతే ఏళ్లు పట్టవచ్చని ఆ క్రమమే చెప్తుంది. తపస్సు కాలం మొదటి ఆదివారం ఎన్నిక, అంటే పేర్ల నమోదు. అక్కడి నుంచి మూడో దశ, మనసును శుద్ధి చేసుకునే కాలం. ఆ కాలంలోని మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో ప్రత్యేక ప్రార్థనలుంటాయి. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడూ ఒకేసారి ఇస్తారు. నాలుగో దశ పండగ తర్వాత. కొత్తగా చేరినవాళ్లను ఒంటరిగా వదలకుండా సంఘం తోడుంటుంది.

ఇంత పొడుగు దారి ఎందుకు పెట్టారు? చేరేవాడు తెలిసి చేరాలని. తొందరలో, భయంలో, అప్పులో, రోగంలో, ప్రేమ పెళ్లి హడావిడిలో చేరకూడదని. 1965లో అదే మహాసభ తన ప్రేషిత ప్రకటనలో రెండు సంగతులు పక్కపక్కనే చెప్పింది. ఎవరినీ బలవంతంగా గానీ, తగని ఆశలు చూపి గానీ విశ్వాసంలోకి లాగకూడదు. చేరదలచినవాళ్లను బెదిరించి వెనక్కి తరమనూ కూడదు. బయట అరిచేవాళ్లకూ లోపల తొందరపడేవాళ్లకూ ఒకే చోట జవాబుంది.

మరి ఆ ఏళ్ల దారి ఆరు అరగంటలు ఎట్లా అయింది? దిల్‌సుఖ్‌నగర్‌లో క్రాష్ కోర్సు అంటే ఏంటో మాకు బాగా తెలుసు. మెటీరియల్ ఇస్తారు, బిట్లు చెప్పిస్తారు, పరీక్ష రాశాక మర్చిపోతాం. ఎస్సై పోస్టుకు అది పనికొస్తుందేమో. దేవుడి దగ్గరికి పోయే దారిని కూడా క్రాష్ కోర్సు చేస్తే, చేర్చుకుంటున్నది మనిషినా, రిజిస్టరులో ఒక నంబరునా?

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. ఆ 1972 క్రమంలో స్వీకార కార్యం గుమ్మం దగ్గర మొదలవుతుంది. వచ్చిన మనిషిని గురువు మొట్టమొదట అడిగేది పేరు. ఆ పేరు చెప్పాకే, సంఘం దగ్గర ఏం కోరి వచ్చావని అడుగుతాడు. గుమ్మంలో పేరు అడిగి, లోపలికి వచ్చాక ఆ పేరు తీసేయడం ఎక్కడి పద్ధతి? 1917 నాటి పాత ధర్మశాస్త్రంలో పునీతుల పేరు పెట్టాలని ఉండేది, నిజమే. 1983లో వచ్చిన కొత్త ధర్మశాస్త్రం ఆ నియమాన్ని తీసేసింది. 855వ సూత్రం అడిగేది ఒక్కటే: క్రైస్తవ భావానికి పొసగని పేరు పెట్టొద్దు. మా నానమ్మల పేర్లలో ఏది పొసగదో చెప్పండి. కొత్త పేరు తీసుకోదలచిన పెద్దలు కూడా తమ సంస్కృతిలోని పేరునే తీసుకోవచ్చని, ఉన్న పేరుకే అర్థం వివరిస్తే సరిపోవచ్చని ఆ క్రమంలోనే ఉంది. తనంత తానుగా కొత్త పేరు కోరుకునే వాళ్లుంటారు. అది వాళ్లిష్టం. కానీ జాబితా ముందు పెట్టి, ఉన్న పేరు బాగుండదనడం వేరు.

పేరంటే మాకు పిలుపు మాత్రమే కాదు. తండాలో మా పేరు వెనక గోత్ ఉంటుంది, రాఠోడ్, పవార్, చవాన్, వడ్త్యా. ఎవరు ఎవరికి అన్నాచెల్లెళ్లు, ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చు అన్నది దాన్నిబట్టే. టెన్త్ మెమోలో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఇంకో పేరు, పెళ్లి కాగితంలో రెండూ కలిసిన మూడో పేరు ఉంటే రేపు మండలాఫీసు చుట్టూ తిరిగేది ఫాదర్ గారు కాదు, మేం.

పేరుతో పాటు పోయేది ఇంకా ఉంది. చరిత్ర ఒకసారి తిరగేద్దాం. 1606లో మధురైకి వచ్చిన ఇటలీ జెస్యూట్ రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టాడు, బ్రాహ్మణ సన్యాసిలా బతికాడు. క్రైస్తవులైన బ్రాహ్మణులు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చన్నాడు. గొడవ రోము దాకా పోయింది. 1623లో పోపు 15వ గ్రెగరీ, మూఢాచారం కలపకపోతే జంధ్యం, పిలక, గంధం, స్నానం ఉండవచ్చని తీర్పు ఇచ్చాడు. నాలుగు వందల ఏళ్ల కింద బ్రాహ్మడి జంధ్యానికి చర్చిలో చోటు దొరికింది. ఈ రోజు మా యాడి ఫేటియా, కాంచళి వేసుకొని పూజకు వస్తే ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఇదెక్కడి లెక్క?

1969లో మన దేశపు పీఠాధిపతులు కోరితే పూజలో పన్నెండు భారతీయ పద్ధతులకు రోము అనుమతిచ్చింది. నేల మీద కూర్చోవడం, చెప్పులు విప్పడం, పంచాంగ ప్రణామం, నూనె దీపం, హారతి. మంచివే. కానీ భారతీయత అంటే వాళ్లకు గుర్తొచ్చింది గుడి హారతే, తండా నంగారా కాదు. కోయ డోలు కాదు. తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే ఆడపిల్లల తీజ్ కాదు. కూతుర్ని పంపేటప్పుడు తల్లీబిడ్డా కలిసి ఏడ్చే ఢావ్లో కాదు. మహాసభ అసలు చెప్పింది ఏంటంటే, కొత్తగా సువార్త అందే ప్రాంతాల్లో జనానికి తమవైన దీక్షాచారాలుంటే, క్రైస్తవ క్రమానికి కుదిరినవి తీసుకోవచ్చు. కుదురుతాయో లేదో చూడాలంటే ముందు వాటిని చూడాలి కదా. ఒక్కసారి తండాకు వచ్చి, నాయక్ పక్కన కూర్చొని, మా పిల్లలకు వయసొచ్చినప్పుడు మేమేం చేస్తామో అడిగారా?

అడిగినవాళ్లు ఉన్నారు. అందుకే మీరు అడగకపోవడం మాకు ఇంకా కష్టంగా ఉంది. ఛోటానాగ్‌పూర్‌కు 1885లో వచ్చిన బెల్జియం జెస్యూట్ కాన్‌స్టంట్ లీవెన్స్ ముండా, ఉరావ్ రైతుల తరఫున భూమి కేసుల్లో నిలబడ్డాడు. జాన్ హాఫ్‌మన్ ముండారీ నేర్చుకున్నాడు, ఆ భాషకు విజ్ఞాన సర్వస్వమే కూర్చాడు, 1908 ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం తయారీలో పాలుపంచుకున్నాడు. ఆ నేల నుంచే ఉరావ్ బిడ్డ తెలెస్ఫోర్ తొప్పొ 2003లో కార్డినల్ అయ్యారు, ఆసియా ఆదివాసుల్లో మొదటివారు. మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయినప్పుడు దళితుల నుంచి మొదటి కార్డినల్ అని మేమూ సంబరపడ్డాం. వెలి అంటే ఏంటో తెలిసిన సంఘం మీది. అందుకే మా గోర్‌బోలిలో, మా కోయ భాషలో ఒక్క ప్రార్థనైనా నేర్పమని అడిగితే "అందరికీ తెలుగు వచ్చు కదా" అనే జవాబు మీ నోట రాకూడదు.

ఇది సంస్కృతి మురిపెం మాత్రమే కాదు. మన యువత ఇక్కడ చెవిపెట్టి వినాలి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. హిందూ, సిక్కు, బౌద్ధం కాకుండా వేరే మతంలో ఉంటే ఎస్సీ హోదా లేదు. క్రైస్తవులైన దళితులు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద ఉన్నది అందుకే. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు. కానీ 2004లో కేరళ ప్రభుత్వానికీ చంద్రమోహనన్‌కూ మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పిన రెండో సగం ఎవరూ చదవరు. మతం మారిన మనిషి ఇంకా ఆ తెగ మనిషేనా అన్న ప్రశ్న వస్తే, తెగ ఆచారాలను, సంప్రదాయాలను పాటిస్తున్నాడా, ఆ తెగకున్న సామాజిక ఇబ్బందులను ఇంకా అనుభవిస్తున్నాడా అన్నది వాస్తవాలనుబట్టి తేల్చాలన్నది కోర్టు. మరోవైపు, మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలన్న డిమాండ్ 1960ల చివర కార్తీక్ ఉరావ్ పార్లమెంటులో లేపిన నాటి నుంచి ఆగలేదు. ఇప్పుడు దానికి డీలిస్టింగ్ అని పేరు పెట్టి ఊరూరా సభలు పెడుతున్నారు.

రెండూ కలిపి చూడండి. తీజ్‌కు పోవద్దు, పేరు మార్చుకో, తండా మాట మానుకో అని చెప్పే ఉపదేశి, డీలిస్టింగ్ సభ పెట్టేవాడికి తెలియకుండానే సాక్ష్యం తయారు చేసిస్తున్నాడు. ఒకడు మమ్మల్ని తెగ నుంచి లాగుతాడు, ఇంకొకడు బయటపడ్డారు చూడండని కాగితం రాస్తాడు. మధ్యలో పోయేది మా పిల్లల సీటు, మా పిల్లల ఉద్యోగం, అంతకంటే ముందు మా ఇల్లు.

ఒక్క సంగతి మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి. అన్నీ కుదరవు. సీత్లా పండగకు మేకను బలిచ్చి మొక్కడం, క్రీస్తు ఒక్కడే దేవుడని నమ్మడం, రెండూ ఒకే మనసులో పక్కపక్కన ఉంచుకోమని ఏ చర్చీ చెప్పదు. చెప్పమని మేం అడగడం లేదు. విశ్వాసం అన్నాక ఏదో ఒకటి వదులుకోమంటుంది. మేం అడిగేది, ఆ మాట మొదటి నెలలోనే విడమరిచి చెప్పమని. మొక్కడం ఏది, ఆచారం ఏది, పాట ఏది, బట్ట ఏది, వేర్వేరుగా చూపించమని. తీజ్‌లో పాడటం ఒకటి, బలి దగ్గర మొక్కడం ఒకటి. రెండింటికీ కలిపి ఒకే "పోవద్దు" చెప్పడం సోమరితనం. పెళ్లి సంగతి కూడా అంతే. జ్ఞానస్నానం లేని ఇద్దరు తమ ఆచారం ప్రకారం చేసుకున్న పెళ్లిని కథోలిక ధర్మశాస్త్రం పెళ్లిగానే గుర్తిస్తుంది. తండాలో జరిగిన పెళ్లి పెళ్లే కాదని ఎవరైనా అంటే, వాళ్లకు వాళ్ల శాస్త్రమే రాదని అర్థం.

అందుకని తూర్పు హైదరాబాదు విచారణ గురువులను, ఉపదేశులను సూటిగా అడుగుతున్నాం. మన పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఏడాదికి తక్కువ కాకుండా సమయం ఇవ్వండి. వద్దనుకొని మధ్యలో ఆగినవాళ్లను తప్పు చేసినట్టు చూడకండి. పేరు ముట్టుకోకండి. జ్ఞాన తల్లిదండ్రులుగా జాబితాలో ఉన్న ఎవరో పెద్దమనిషిని కాకుండా, సంఘంలో ఉన్న గిరిజనులనే నిలబెట్టండి. ఆ ఏడాదిలో ఒక్కసారైనా తండాకు, గూడేనికి రండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. బిడ్డ ఏం చేస్తుందో తల్లికి ఫోన్లో కాదు, ఎదురుగా తెలియాలి.

మన యువతకు ఒక మాట. చేరాలనుకుంటే చేరండి, వద్దనుకుంటే మానండి, ఎవరికీ జవాబుదారీ కాదు. కానీ సీటు కోసం, ఫీజు కోసం, రోగం తగ్గుతుందని, గదిలో ఒంటరిగా ఉందని చేరకండి. ప్రశ్నలడగండి. ఆ క్రమం మీకు ప్రశ్నలడిగే కాలం ఇచ్చింది, దాన్ని వదులుకోకండి. కోచింగ్‌లో ఒక బిట్టుకు పది డౌట్లు అడిగే మనం, బతుకంతా మార్చే విషయంలో నోరు మూసుకుంటామా? ఇంట్లో దాచకండి. దాచి చేరిన విశ్వాసం దొరికిపోయిన రోజు దొంగతనంలా కనిపిస్తుంది.

టీచర్లకు ఇంకో మాట. హాజరు పిలిచేటప్పుడు మన పిల్లల పేర్లను మొదట వంకర చేసేది బడే. నోరు తిరగలేదని, సినిమా పేరు బాగుంటుందని అడ్మిషన్ రోజే పేరు మార్చి రాసిన సార్లు మనందరికీ గుర్తున్నారు. బడి నేర్పిన సిగ్గునే చర్చి వాడుకుంది. నానమ్మ పేరు చెప్పడానికి పిల్ల తలవంచని రోజు వస్తే, ఏ జాబితా ఆమె ముందు నిలవదు.

ఆ అమ్మాయి ఈ మధ్య మళ్లీ వెళ్లి అడిగింది. 855వ సూత్రం ఒక కాగితం మీద రాసుకొని పోయింది. ఫాదర్ గారు చదివారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదామన్నారట, ఈసారి తొందర లేకుండా. ఆమె చేరుతుందో లేదో మాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వచ్చే తీజ్‌కు తండాకు పోతానని మాత్రం యాడికి చెప్పింది. యాడి ఆమెను పాత పేరుతోనే పిలిచింది.